అంకాలమ్మ ఒప్పుకోని క్లూ

"అమ్మా, ఈ చేప ఇవాళ్టిదా, నిన్నటిదా?"

గురువారం మధ్యాహ్నం, కృష్ణపట్నం రేవుకి దగ్గర్లోని ఒక లేబర్ కాలనీ క్యాంటీన్లో, పళ్ళెం ముందు పెట్టుకుని బుధన్ అడిగిన మాట ఇది. బుధన్‌ది జార్ఖండ్. క్రేన్ల దగ్గర పని. ఆరేళ్ళుగా అంకాలమ్మ చేతి అన్నం తింటున్నాడు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా అడగని ప్రశ్న ఆ రోజెందుకు అడిగాడో అంకాలమ్మకి తట్టలేదు. తట్టినా అదే జవాబు చెప్పుండేదనుకోండి, అది వేరే సంగతి.

గరిటె చేత పట్టుకుని, కాస్త గర్వంగానే చెప్పింది. "నిన్నటిదే నాయనా! నిన్న సాయంత్రం దించినా. బాగా ఊరుండాది. తిని చెప్పు."

బుధన్ పళ్ళెం పక్కకి జరిపాడు. పక్కనున్నవాడు అతని ముఖం చూసి తనదీ జరిపాడు. మాట వెనక టేబుళ్ళకి పాకింది. ఐదు నిమిషాల్లో ముప్ఫై పైచిలుకు పళ్ళేలు కలిపిన అన్నంతోనే ఆగిపోయాయి. ఒకడైతే కొళాయి దగ్గరికి పరిగెత్తి, అందరికీ వినపడేట్టు పుక్కిలించి మరీ ఊసినాడు.

నెల్లూరు మనిషికి ఇందులో తప్పేముందో చచ్చినా అర్థం కాదు. చేపల పులుసన్నాక ఒక రాత్రి దాటాలి. చింతపండు పులుపూ, మామిడికాయ ముక్కా, కారమూ చేపలోకి దిగాలంటే చట్టి మూతపెట్టుకుని కదలకుండా కూర్చోవాలి. పొయ్యి మీద ఉన్నప్పుడు కూడా గరిటె పెట్టి కలిపితే ముక్క విరుగుతుందని, చట్టిని రెండు చేతులా పట్టుకుని తిప్పుతారు. దించిన పూటే తింటే పులుసు వేరే, చేప వేరే. వియ్యాలవారు రేపొస్తారంటే ఈ రోజే వండుతారు. నిన్నటిది అని చెప్పడం ఈ తీరంలో మర్యాద. అంకాలమ్మ ఆ మర్యాదే చేసింది. కాకపోతే ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఈ తీరం వాళ్ళు కాదు. పైగా వాళ్ళందరూ ఆ వారమే ఫోన్లలో ఒక కొత్త హిందీ థ్రిల్లర్ చూసి ఉన్నారు.

సినిమా పేరు 'ఆఖ్రీ థాలీ'. చివరి పళ్ళెం అని అర్థం. దక్షిణాదిలో ఏదో రేవు. అక్కడ కూలీలకి అన్నం వండిపెట్టే లక్ష్మి అనే ఒకామె. ఆమె పెట్టిన చేపల కూర తిని మనోజ్ అనే బీహారీ కుర్రాడు చనిపోతాడు. ఢిల్లీ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్, ఆమె ఆ కుర్రాడికి పెట్టింది నిన్నటి కూర అన్న ఒక్క ముక్క పట్టుకుని, హంతకురాలు ఆమేనని తేల్చేస్తాడు.

ఇదీ కథ. ఇప్పుడు చెప్పండి, ఆ కథ చూసొచ్చినవాడికి అన్నం పెడుతూ "నిన్నటిదే నాయనా" అంటే ఏమవుతుంది?

*

అంకాలమ్మకి యాభై రెండు. పుట్టింది, మెట్టింది రెండూ జాలర్లుండే పట్టపుపాలేలే. మొగుడు మాల్యాద్రి ఫైబర్ బోటు మీద వేటకి పోతాడు. పెళ్ళైన కొత్తలో చేపల గంప నెత్తిన పెట్టుకుని ముత్తుకూరు దాకా నడిచి అమ్మేది. తర్వాత రేవు పనులు మొదలయ్యాయి, ఉత్తరాది నుంచి కూలీలు దిగారు. వాళ్ళకి చేప తినాలని ఉండేది, కడగడం వచ్చేది కాదు. కడిగిచ్చింది. మసాలా కుక్కి చెడగొట్టుకుంటుంటే చూడలేక వండిచ్చింది. అట్లా మొదలైన వంట, ఒక కాంట్రాక్టు కంపెనీవాళ్ళు తమ కాలనీలో రేకుల షెడ్డు కట్టి, పొయ్యిలు పెట్టి, "నువ్వే వండు" అని అప్పగించేదాకా వచ్చింది. అరవై మందికి రెండు పూటలా.

హిందీ కూడా వంటతోనే వచ్చింది. ఆమె హిందీలో ఆడా మగా తేడా ఉండదు, అందరూ మగవాళ్ళే. అయినా ఆగకుండా మాట్లాడుతుంది. ఎవడైనా నవ్వితే, "నీ తెలుగు నాకు వినిపించు, నేనూ నవ్వుకుంటా" అంటుంది. ఇక నవ్వడు.

ఆ హిందీని పదును పెట్టింది మాత్రం సినిమాలు. ప్రేమ సినిమాలు చూడదు. "వాళ్ళు కలిస్తే నాకేంది, కలవకపోతే నాకేంది" అంటుంది. ఆమెకి హత్యలు కావాలి. మధ్యాహ్నం వడ్డన అయ్యాక, తోటి వంటామె మగ్దలీనమ్మతో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ, ఫోన్ ఉప్పు డబ్బాకి ఆనించి చూస్తుంది. సగం సినిమా కాకముందే హంతకుడెవరో చెప్పేస్తుంది. కాలనీలో టీ పందేలు ఆమె మాట మీదే నడిచేవి.

"ఎట్టా చెప్తావు అమ్మా?" అని అడిగాడు బుధన్ ఒకసారి.

"పని లేకుండా ఎవడొచ్చి నిలబడతాడో వాడే. సినిమావాళ్ళు ఊరికే ఎవుడికీ అన్నం పెట్టరు."

ఐదో క్లాసు చదివిన మనిషి. సినిమా గురించి ఇంతకంటే ముక్కుసూటిగా పుస్తకాలు రాసేవాళ్ళు కూడా చెప్పరు.

*

పళ్ళేలు ఆగిపోయిన మర్నాడు నరేంద్రబాబు వచ్చినాడు. కాంట్రాక్టు కంపెనీ సైటు మేనేజరు. ఊరు చిల్లకూరు పక్కన, నాన్నకి వరి మళ్ళున్నాయి. ముప్ఫై నాలుగేళ్ళవాడు, మంచివాడే. మంచివాళ్ళతో ఉన్న ఇబ్బంది ఏమిటంటే వాళ్ళు ఎవరికీ అడ్డం చెప్పలేరు.

"అక్కా, ముప్ఫై ఆరు మంది సంతకాలు పెట్టి కాగితం ఇచ్చినారు. పాచి చేప పెడతా ఉండావని."

"పాచిదా అది? నువ్వు చెప్పు. మీ ఇంట్లో ఎప్పుడు తింటారు?"

నరేంద్రబాబు ఇటూ అటూ చూశాడు. "మా అమ్మ రెండో రోజుదాకా ముట్టనీదక్కా. నాకు తెలీదా?"

"తెలిస్తే చెప్పు మరి, వాళ్ళకి."

"నేను చెప్తే వింటారా? హైదరాబాదు ఆఫీసుకి ఫోటోలు పోయినాయి. వాళ్ళకి పులుసు గురించి పాఠం చెప్పే ఉద్యోగమా నాది? ఒక్క పని చెయ్యి. సోమవారం పొద్దున అందరూ టిఫినుకొచ్చినప్పుడు, తప్పయింది, ఇకమీద ఏ రోజుది ఆ రోజే వండతా అని ఒక మాట అనేయ్. క్యాంటీన్ నీదే."

"అనకపోతే?"

"నెల్లూరు నుంచి వేరేవాళ్ళని పంపిస్తారంట."

అంకాలమ్మ చేతిలో ఉన్న మామిడికాయ టెంక కత్తిపీటతో ఒక్క దెబ్బకి రెండు చేసింది. "సోమవారం కదా? అయితే ఆదివారం మధ్యాహ్నం షెడ్డులో టీవీలో ఆ సినిమా పెట్టించు. అందరినీ రమ్మను. నేను చూడాల."

"సినిమా చూసి ఏం చేస్తావక్కా?"

"నా మీద కేసు పెట్టినోడి ముఖం చూడొద్దా?"

ఇంటికి పోతే మాల్యాద్రి వలకి నూలు కండెతో ముడులు వేస్తూ కూర్చుని ఉన్నాడు. సంగతంతా అప్పటికే పాలెం మొత్తం తిరిగొచ్చింది.

"ఒక్క మాట అంటే నోట్లోంచి ముత్యాలు రాలతాయా? గాలి తిరిగితే నేను పడవ తిప్పుకోనా? నువ్వూ తిప్పుకో" అన్నాడు.

"నువ్వు తిప్పుకునేది ఇంటికి రావడానికి. నేను తిప్పుకుంటే యాడికి రావాల? మా అమ్మ వండింది తప్పు, మీ అమ్మ వండింది తప్పు, నేను ముప్ఫై ఏళ్ళు నీకు పెట్టింది పాచి కూడు. అట్టనే కదా అర్థం?"

మాల్యాద్రి ముడి వేయడం ఆపి కాసేపు ఆలోచించాడు. "ఆ లెక్కన నేను చచ్చిపోయుండాల" అని మళ్ళీ వల అందుకున్నాడు. ఆ ఇంట్లో అంతకంటే పెద్ద మద్దతు దొరకదు. అంకాలమ్మకి అది చాలు.

*

ఆదివారం మధ్యాహ్నం షెడ్డులో నలభై మందికి పైనే పోగయ్యారు. గోడకి టీవీ. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని అంకాలమ్మ. చర్చి నుంచి నేరుగా వచ్చిన మగ్దలీనమ్మ పక్కన కూర్చుని చెవిలో చెప్పింది. "వదినా, పది నిమిషాలు చూసి, చెత్త సినిమా అని లేచిపో. నీ మాటంటే వీళ్ళకి గురి. సినిమా చెత్తయితే అందులో చెప్పింది కూడా చెత్తే. అయిపోద్ది."

"చూడనీ ముందు."

సినిమా మొదలైంది. వాన. రేవు గట్టు మీద ఒకామె సత్తు గిన్నె చంకన పెట్టుకుని నడిచొస్తోంది. పాటా లేదు, వాయిద్యం లేదు. గిన్నె మీద మూత టకటకా కొట్టుకునే చప్పుడొక్కటే. గట్టు చివర జనం గుంపుగా నిలబడి ఉన్నారు. ఆమె నడక నెమ్మదిస్తుంది. మూత చప్పుడూ నెమ్మదిస్తుంది. ఆగిపోతుంది. అంతే, అక్కడే పేర్లు పడతాయి.

అంకాలమ్మ కుర్చీలో ముందుకి జరిగింది. మగ్దలీనమ్మ గిల్లితే చెయ్యి తోసేసింది.

ఇదీ అసలు చిక్కు. సినిమా బాగుంది. తన పొయ్యి ఆర్పడానికి వచ్చిన సినిమా నిజంగానే బాగుంది. లక్ష్మిగా వేసిన నటి ఎవరోగాని, చెయ్యి తుడుచుకోవడంలోనే తెలిసిపోతోంది, వంట చేసిన చెయ్యి. ముందు అరచెయ్యి, తర్వాత వేళ్ళ సందులు, చివర్లో కొంగుతో ముక్కు కింద. ఇన్‌స్పెక్టరూ ఆమే ఎదురెదురుగా కూర్చుని అన్నం తినే చోట, నాలుగు నిమిషాలు ఎవరూ పలకరు. అతను ముల్లు తీసి పళ్ళెం అంచున పెడతాడు. ఆమె ఆ ముల్లుని చూస్తుంది. ఇంకో ముల్లు. నలభై మంది మగవాళ్ళున్న షెడ్డులో దగ్గు కూడా వినపడలేదు. రక్తం లేదు, కత్తి లేదు, ముళ్ళు లెక్కపెట్టించి భయపెట్టాడు. అంకాలమ్మ చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

"వీడికి పని తెలుసు మే" అంది మగ్దలీనమ్మతో, కాస్త బాధగా.

"అట్టనవాకు వదినా, నీ పుణ్యముంటది!"

"బాగున్నదాన్ని బాలేదని ఎట్టా చెప్పేది? రేపు నా పులుసు గురించి వాళ్ళు చేసేది అదే కదా."

సగం అయ్యేసరికి మాత్రం ఆమె ముఖం మారడం మొదలైంది. ఒక సాయంకాలం, లక్ష్మి గట్టు మీద ఒంటరిగా నిలబడుతుంది. ఎర్రగా పొద్దు సముద్రంలోకి దిగిపోతుంటుంది. అదే ఫ్రేములో దూరంగా ఒక రాకెట్ నిప్పులు కక్కుతూ పైకి లేస్తుంది.

"ఆపు, ఆపు!" అంది అంకాలమ్మ. రిమోట్ బుధన్ చేతిలో ఉంది, ఆపాడు. "రాకెట్ లేచిందంటే యాడ? శ్రీహరికోట. అంటే మన పక్కనే. మన సముద్రంలో పొద్దు పుడతది గాని మునుగుతదా? రాకెట్ మాత్రం మనది కావాల, పొద్దు మాత్రం బొంబాయిదా?"

షెడ్డంతా నవ్వింది. వాళ్ళందరూ రోజూ పొద్దున్నే డ్యూటీకి పోతూ ఆ సముద్రంలోంచి లేచే సూర్యుడిని చూసేవాళ్ళే. ఫోన్లో చూసినప్పుడు ఒక్కడికీ తట్టలేదు.

"అది చిన్న తప్పమ్మా" అన్నాడు బుధన్.

"చిన్నదే. సూర్యుడు ఏ పక్కనో చూసుకోనోడు చట్టిలో ఏముందో చూసుంటాడా అని అడగతా ఉండా. పెట్టు."

సినిమా మళ్ళీ నడిచింది. ఇక అక్కడి నుంచి ఆమె నోరు మూతపడలేదు. లక్ష్మి చట్టిలో పసుప్పచ్చగా కొబ్బరిపాల కూర కనిపించింది. "అది పులుసా? చిన్నపిల్లోళ్ళకి పెట్టే పప్పు మాదిరి ఉండాది." వంటగదిలో లక్ష్మి కట్టుకున్న చీర ఇస్త్రీ మడత నలగలేదు. ఇన్‌స్పెక్టర్ అద్దం ముందు నిలబడి తనకి తనే హత్య ఎట్లా జరిగిందో పావుగంట చెప్పుకున్నాడు. "చూపించినావు కదరా నాయనా, మళ్ళీ చెప్పేదేంది? మమ్మల్ని మొద్దులనుకుంటివా?" మొదటి సగంలో ముల్లుతో భయపెట్టినవాడు, రెండో సగంలో నోటితో భయపెట్టాలని చూశాడు. అక్కడే సినిమా జారిపోయింది. ఒక్క చప్పుడు మీద నడిచిన సినిమా, చివరికి ఉపన్యాసం మీద పడింది.

అప్పుడొచ్చింది ఆ సీను. లక్ష్మి వంటగదిలో రెండు చట్లు. ముందున్న చట్టిలో ఆ రోజు కూర, వెనకున్న చట్టిలో ముందురోజుది. చనిపోయిన మనోజ్‌కి ఆమె వెనక చట్టిలోంచి పెట్టిందని ఇన్‌స్పెక్టర్ కనిపెట్టాడు. గుండ్రంగా తిరిగాడు. కెమెరా కూడా అతని చుట్టూ తిరిగింది. "మెహమాన్ కో కల్ కీ మఛ్లీ కౌన్ ఖిలాతా హై?" అన్నాడు. ఇంటికొచ్చినవాడికి నిన్నటి చేప ఎవరు పెడతారు, అని. ధన్‌మని వాయిద్యం. లక్ష్మి కుప్పకూలిపోయింది.

"ఆపు" అంది అంకాలమ్మ. ఈసారి అరవలేదు. లేచి టీవీ పక్కకి పోయి వాళ్ళ వైపు తిరిగి నిలబడింది. గుమ్మం దగ్గర నరేంద్రబాబు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, అతన్ని కూడా చూసింది.

"నేను పెడతా" అంది హిందీలో. "ఇంటికొచ్చినోడికి నిన్నటి చేప నేను పెడతా. మా అమ్మ పెట్టేది. ఈ తీరంలో ప్రతి ఇంట్లో పెడతారు. మా ఇళ్ళలో రెండు చట్లుంటే, ముందున్నది అందరికీ. వెనకున్నది మనవాళ్ళకి. కడుపున పుట్టినోళ్ళకి దాచిపెట్టేది వెనక చట్టి. ఈ పిల్లోడు మొదటి సగంలో ఏమన్నాడు? నీ కూర తింటే మా అమ్మ గుర్తొచ్చింది అన్నాడు. అన్నాడా లేదా?"

"అన్నాడు" అన్నారు నలుగురైదుగురు.

"అప్పుడు ఆమె వెనక చట్టి మూత తీసింది. కొడుకనుకుని పెట్టింది. ఆ కూర్లో విషం కలిపే ఆడది నెల్లూరులో పుట్టలేదు. చంపాలనుకుంటే ముందు చట్టిలో కలిపేది, ఎవుడికి పోతదో వాడికి పోతది. మీ ఇన్‌స్పెక్టర్ ఏది ప్రేమో దాన్ని పట్టుకుని హత్య అన్నాడు. పెద్ద క్లూ అంట! ఆ క్లూ కాడికే, ఆమె నిర్దోషి అని రుజువైపోయింది."

వెనక నుంచి ఎవరో అడిగారు. "మరి చంపిందెవరు?"

అంకాలమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఆ రోజు మనోజ్‌కి నీళ్ళ బాటిల్ చేతికిచ్చిందెవరు? పని లేకుండా మూడు సీన్లలో వచ్చి నిలబడిందెవరు?"

"ఆ రేవు మేనేజర్!"

అందరి తలలూ గుమ్మం వైపు తిరిగాయి. నరేంద్రబాబు కట్టుకున్న చేతులు విప్పేశాడు. "నన్ను చూస్తారేందయ్యా, నేను యాక్టింగు చెయ్యలా!" అన్నాడు. ఆ నవ్వుకి షెడ్డు రేకులు అదిరాయి.

అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. నవ్వినవాళ్ళందరూ ఒప్పుకున్నట్టు కాదు. బుధన్ లేచి నిలబడ్డాడు. అతని మాటలో వెటకారం లేదు.

"అమ్మా, సినిమా వదిలెయ్. మా ఊళ్ళో రాత్రి మిగిలిన అన్నం నీళ్ళలో వేసి పొద్దున మేమే తింటాం. కానీ ఇంటికొచ్చినవాడికి పెట్టం. చేపైతే అసలు పెట్టం. నువ్వు నిన్నటిది అన్నప్పుడు, ఆరేళ్ళుగా నన్ను తక్కువగా చూశావనిపించింది. భయం కాదు. అవమానం."

అంకాలమ్మకి ఈ మాట గుచ్చుకుంది. ఆమె ఇన్ని రోజులూ విషం గురించి, జబ్బు గురించి అనుకుంటోంది. అవమానమన్నది ఆమె లెక్కలోనే లేదు.

"నీకు ముందే చెప్పుండాల నేను" అంది నెమ్మదిగా. "ఇది ఎందుకు నిన్నటిదో మొదటి రోజే చెప్పుండాల. అది నా తప్పు, ఒప్పుకుంటా. పులుసు తప్పు మాత్రం కాదు."

"నాకు పోయిన నెల కడుపునొప్పి వచ్చింది" అన్నాడు కొళాయి దగ్గర పుక్కిలించినవాడు.

"నీకొచ్చింది సోమవారం. చేప పెట్టింది గురువారం. మధ్యలో మూడు రోజులు నువ్వు రోడ్డు మీద పానీపూరీ బండి కాడ్నే కాపురం పెట్టుంటివి. నన్ను అడగతావా?"

*

సోమవారం పొద్దున ఇడ్లీలు వడ్డించారు. నరేంద్రబాబు వచ్చి మధ్యలో నిలబడ్డాడు. ముందురోజు నవ్వు అతని ముఖంలో లేదు. చేతిలో ఫోన్, ఫోన్లో హైదరాబాదు ఆఫీసు. వీడియో తీసి పంపాలట.

"అక్కా, ఒక్క మాట" అన్నాడు. "తప్పయింది అని. సగం మంది నీ వైపు తిరిగినారు, నేనూ చూసినా. కానీ కాగితం కాగితమే. నాలుగు సెకన్లు, అంతే."

మగ్దలీనమ్మ పొయ్యి దగ్గర నుంచి కళ్ళతోనే బతిమాలింది. అంకాలమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని ఫోన్ ముందుకొచ్చింది.

"నా పేరు అంకాలమ్మ" అంది, మొదట తెలుగులో, తర్వాత తన మగ హిందీలో. "నేను గురువారం పెట్టింది బుధవారం వండిన పులుసు. చెప్పకుండా పెట్టినందుకు తప్పయింది. నిన్నటిది పెట్టినందుకు మాత్రం తప్పు కాలేదు. ఇకమీద కూడా నేను వండే పులుసు మర్నాడే పెడతా. కావాల్సినోళ్ళు తినండి, వద్దనుకున్నోళ్ళకి పప్పు ఉండాది."

నరేంద్రబాబు ఫోన్ దించేశాడు. "మొదటి సగంతో ఆపుండొచ్చు కదక్కా."

"సినిమావోడికి నేను చెప్పింది కూడా అదే. మొదటి సగం బాగుండాదని. కానీ కథ రెండో సగంలో కదా తేలేది."

మధ్యాహ్నానికి ఫోన్ వచ్చింది. బుధవారం లోపల షెడ్డు ఖాళీ చేయాలి. నరేంద్రబాబు ఆ మాట చెప్పలేక, లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడి చెప్పి పోయాడు. అరవై మంది వంట, కంపెనీ పొయ్యిలు, కంపెనీ రేకుల కప్పు, అన్నీ పోయాయి. మగ్దలీనమ్మ ఏడ్చింది. అంకాలమ్మ ఏడవలేదనేం లేదు. ఏడుస్తూనే గిన్నెలు సర్దింది. తన సొంత మట్టిచట్లు నాలుగూ గోనెసంచులు చుట్టి మాల్యాద్రి తెచ్చిన ఆటోలో పెట్టించింది.

పాలెంలోంచి కాలనీకి పోయే రోడ్డు వారగా మాల్యాద్రి వలలు పెట్టుకునే పాక ఒకటుంది. మంగళవారం సాయంత్రానికి వలలు బయటికొచ్చాయి, పొయ్యి రాళ్ళు లోపలికి పోయాయి. పాకలో పట్టుమని పదిహేను మంది కూర్చోలేరు. అంత మందైనా వస్తారో రారో ఎవరికీ తెలీదు.

బుధవారం పొద్దున కానాగంత చేపలు కొన్నది. మధ్యాహ్నానికల్లా చట్టి పొయ్యి మీద ఉంది. పులుసు దిగే వేళకి బుధన్ డ్యూటీ దిగి వచ్చినాడు. చేతిలో రంగు డబ్బా, కుంచె. ఆమే రమ్మని కబురు పెట్టింది, హిందీ అక్షరాలు రాయడానికి.

"నేను రేపు వస్తా" అన్నాడు, అడగకుండానే. "నా ఒక్కడి మాటే చెప్తున్నా. మిగతావాళ్ళ మాట నేను ఇవ్వలేను."

"నేను అడగలా. రాయి ముందు."

"ఏమని?"

"ఈ రోజు వండిన చేపల పులుసు ఈ రోజు పెట్టము. రేపు రండి."

బుధన్ చెక్క మీద తెల్లరంగుతో నింపాదిగా రాశాడు. ఒక వరస రాసి, వెనక్కి జరిగి చూసి, రెండో వరస రాశాడు. అంకాలమ్మకి హిందీ చదవడం రాదు. రెండు వరసల్నీ తదేకంగా చూసింది.

"చదువు."

చదివాడు. చెప్పింది చెప్పినట్టే ఉంది. కానీ రెండో వరస చివర ఒక చిన్న మాట గొణిగి మింగేశాడు.

"మళ్ళీ చదువు. వేలు పెట్టి చదువు. ఒక్కో మాట."

బుధన్ వేలు పెట్టాడు. చివరి మాట దగ్గర వేలు ఆగింది. "తాజా" అన్నాడు తల వంచుకుని. "పులుసు తాజా అని... కొత్తగా వచ్చేవాళ్ళు భయపడకుండా ఉంటారని అమ్మా. నీ మంచికే."

అంకాలమ్మ పొయ్యి పక్కనున్న తడిగుడ్డ తీసి అతని చేతిలో పెట్టి, రంగు ఆరకముందే తుడవమని చెప్పి, అతను ఆ మాట పూర్తిగా తుడిచేదాకా అక్కడే నిలబడింది.